ఆ పటంలో ఎడమ కన్ను ఎందుకు వాలి ఉంది

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఉదయగిరి మందిరంలో నా సాక్ష్యం వినీ వినీ చెవులు అరిగిపోయినవాళ్ళారా, మీ బొమ్మల యాకోబు ఇంకా బతికే ఉన్నాడు, మోకాళ్ళు మాత్రం నాకంటే ముందే పరలోకం చేరుకున్నట్టున్నాయి, అందుకే మీ ముందు నిలబడి చెప్పే ఓపిక లేక ఈసారి మన సంఘ పత్రికకు రాసి పంపుతున్నాను.

మందిరంలో తూర్పు గోడకు ఉన్న ప్రభువు ముఖం నేను వేసిందేనని మీకు తెలుసు. ఆ కళ్ళు వేసేటప్పుడు దేవదూత వచ్చి నా మణికట్టు పట్టుకున్నదని కూడా తెలుసు, ఎందుకంటే నేనే నలభైసార్లు చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు ఆ దూతకు రెక్కలు లేవు. రెండో ఏడు మొలిచాయి. ఆ తర్వాత వెలుగు వచ్చింది, మల్లెపూల వాసన వచ్చింది, పోయిన క్రిస్మస్‌కు కొండమీద ఉరుము కూడా ఉరిమింది. మీరు స్తోత్రం అన్నకొద్దీ నాకు ఈకలు తగిలించబుద్ధయ్యేది, అది నా బలహీనత, క్షమించండి!

ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, మందిరం పండుగకు నెల్లూరునుంచి పెయింటరును పిలిపించి ఆ పటంలో వాలి ఉన్న ఎడమ కన్ను సరిచేయించాలని మన కమిటీవాళ్ళు నిర్ణయించారట. దేవదూత పట్టుకుని వేయించిన కన్ను వంకర ఉండదు గదా, తేమకు చెడిపోయి ఉంటుంది అని వాళ్ళ ఆలోచన. ఆలోచన సరైందే. నేను చెప్పిందే తప్పు. నా అబద్ధం వల్ల ఆ కన్ను పోయేటట్టుంది గనుక నిజం రాస్తున్నాను.

అప్పట్లో నేను ఆత్మకూరులో ఉండేవాణ్ణి. తెల్లదొరలు ఓడలెక్కిపోయిన కొత్తరోజులు. నాటకాల తెరలు వేసేవాణ్ణి, పని లేనప్పుడు అంగళ్ళకు బోర్డులు రాసేవాణ్ణి. పెన్నకు ఇరుపక్కల నూరు ఊళ్ళలో నా తెర లేకుండా నాటకం లేచేది కాదు. సరే, నూరు కాదు, పన్నెండు, అందులో రెండు తెరలు వానకు కారిపోయినవి. కానీ ముఖాలు వేయడంలో మాత్రం గట్టివాణ్ణే. రాజు ముఖం వేస్తే ముందు వరసలో కూర్చున్నవాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు.

మా పనిలో ఒక ఆచారం ఉండేది. ఏ ముఖానికైనా కళ్ళు ఆఖరున వేస్తాము, దాన్ని కళ్ళు తెరవడం అంటాము, కళ్ళు తెరిచే ముందు బొమ్మ వేయించుకునేవాళ్ళు మాకు తాంబూలం, తువ్వాలు, ఒక సీసా సారా ఇవ్వాలి, ఆ చుక్క గొంతు దిగితేగాని కుంచె కంటిమీదికి పోకూడదు. మా గురువు అట్లాగే నేర్పాడు, ఆయనకు వాళ్ళ గురువు అట్లాగే నేర్పాడు. నేను మొదట్లో కళ్ళకు తాగాను, తర్వాత మీసాలకు తాగాను, ఇంకొన్నాళ్ళకు తెర కట్టే తాడుకు కూడా తాగాను. మద్యనిషేధం వచ్చినప్పుడు లోకం బాగుపడుతుందని అందరూ అనుకున్నారు, నాకు మాత్రం కొండవారలో దొంగసారా కాచే ప్రతి పొదా పరిచయమైంది. పొద్దున లేస్తే చెయ్యి వణికేది. కుంచె ముంచబోతే రంగుగిన్నె గంటలాగా మోగేది. ఒక గుక్క పడితే ఆగేది. అదీ నా బతుకు, సహోదరులారా, ఆగని చేతిని ఆపడానికి తాగడం, తాగినందుకు మర్నాడు ఆగకపోవడం.

నా భార్య రూతమ్మ సంగం ఊరి మనిషి, కాలువకింద నాట్లు వేసుకునే కుటుంబం, చిన్నప్పటినుంచి ప్రభువు బిడ్డ. ఇన్నేళ్ళ సాక్ష్యాల్లో ఈ చోటికి వచ్చేసరికి “మా ఇంట సమాధానం కరువైంది” అని ఒక్క మాటతో దాటేసేవాణ్ణి. ఎంత అందమైన మాట! నేను ఆమెను కొట్టేవాణ్ణి. తలుపు తీయడం ఆలస్యమైతే కొట్టేవాణ్ణి, వెంటనే తీస్తే ఎవరికోసం కాచుకున్నావని కొట్టేవాణ్ణి. ఒకనాడు ఆమె కుడిచేతికి బద్దలు కట్టించుకుని సంగం పుట్టింటికి పోయింది. ఆ కట్టు సంగతి తర్వాత రాస్తాను. ఇప్పుడే రాయడానికి ధైర్యం చాలడంలేదు.

ఆమెను తీసుకురావాలని ఒకరోజు బయలుదేరాను. ఇక్కడే, ఆత్మకూరు బస్టాండులో, “యాకోబూ, లేచి ఉదయగిరికి వెళ్ళు” అని ఆకాశంనుంచి స్వరం వచ్చిందని మీకు చెప్పి ఉన్నాను. జరిగింది ఇది. పూటుగా తాగి సంగం బస్సనుకుని ఉదయగిరి బస్సెక్కి నిద్రపోయాను. స్వరం వచ్చిన మాట నిజమే, అది కండక్టరుది.

“లెయ్యబ్బా, లెయ్! ఉదయగిరి వచ్చినాది.”

“సంగం గదా?”

“సంగం ఆ పక్కన ఉండాది, ఇది ఈ పక్కన ఉండాది. ఇదేమన్నా మీ అవ్వగారిల్లా పడుకోను? దిగు, దిగు!”

అయినా దేవుడు కండక్టరు నోటితో మాట్లాడకూడదని ఎక్కడుంది? దిగాను. తిరుగు బస్సు సాయంత్రం గాని లేదన్నారు. ఎండకు తల తిరిగి, కోట కొండ కింద ఒక పెంకుటింటి వసారాలో నీడ కనబడితే పోయి కూలబడ్డాను. ఆ ఇంట్లో ఉండేవాడు గడ్డం అయ్యగారు.

కొత్తగా సంఘంలో చేరినవాళ్ళకోసం ఆయన ఎవరో చెప్తాను. మలయాళ దేశపు పాదిరి, ఊపిరి జబ్బు మనిషి, తేమలేని చోట ఉండమని డాక్టర్లు పంపిస్తే మన ఉదయగిరి వచ్చి ఒక గదిలో వైద్యం, ఒక గదిలో ప్రార్థన పెట్టుకున్నాడు, ఆ ప్రార్థన గదే ఈనాటి మన మందిరం. వయసులో ఉండగా యెరూషలేము దగ్గర మఠంలో గ్రీకు సన్యాసులకింద పరిశుద్ధుల ముఖాలు వేయడం నేర్చుకున్నాడట. తెలుగు మాత్రం బైబిలు చదివి నేర్చుకున్నాడు, అందుకని ఉప్పు అడిగినా ప్రవక్త మాట్లాడినట్టే ఉండేది.

నేను వెళ్ళేసరికి ఆయన ఒక చిన్న చెక్కమీద ముఖం వేస్తున్నాడు. నానిన మట్టి రంగు, పాచి రంగు కలిపినట్టు ముఖమంతా నల్లగా పూసి పెట్టాడు. నాకు నవ్వొచ్చింది.

“ఏంది సామీ, ప్రభువు మొగానికి బురద పూసినారు?”

“చీకటి మీదనే గదా వెలుగు వచ్చును, నాయనా. కూర్చుండుము.”

“మొగమంటే అట్ట కాదు సామీ, చూపిస్తా ఉండండి” అని పొయ్యిలో బొగ్గు తీసుకుని ఆయన గచ్చుమీద ఒక రాజు ముఖం దించాను. మీసం, కోరచూపు, ఎగిరిన కనుబొమలు, మొత్తం రెప్పపాటులో. అయ్యగారు గచ్చుమీద వంగి చాలాసేపు చూశాడు.

“నీ చేయి మంచిది. అయితే ఇతడు మనలను చూచుట లేదు, నాయనా. తన్ను మనము చూడవలెనని చూచుచున్నాడు.”

నాకు కోపం వచ్చింది. అంతవరకు నా బొమ్మకు వంక పెట్టినవాడు లేడు. ఆ కోపంతోనే, ఈయన ముఖం ఎట్లా వేస్తాడో చూసి పోదామని ఆ పూట ఉండిపోయాను. ఆ పూట ఇంకా గడవలేదు, సహోదరులారా, ఇక్కడే ఉన్నాను.

నేర్చుకోవడమంటే ఎంత అలసటో ఏం చెప్పను! మూడు నెలలు ఒక్క ముక్కే వేయించాడు. ఆ పద్ధతిలో ముక్కు పొడవే కొలత. రెండు కళ్ళ మధ్య, ముక్కు మొదలయ్యే చోట తాడు పెట్టి, ఒక ముక్కు పొడవుతో గీసిన గుండ్రంలో కళ్ళు, ముక్కు ఇమడాలి, రెండు ముక్కుల పొడవుతో గీస్తే తల, మూడు ముక్కులతో గీస్తే తలచుట్టూ ఉండే వెలుగు వలయం. నోరు చిన్నది, ఎందుకంటే ఆయన ఊరుకుని ఉన్నాడు. చెవి కనబడాలి, ఎందుకంటే వింటున్నాడు. మేము తెరలమీద గులాబి రంగు పూసి దానిమీద నల్లగీతలతో ముఖం తేలుస్తాము. ఇక్కడ అంతా తలకిందులు. నల్లటి అడుగుమీద ఒక పొర జేగురుమట్టి రంగు, అది ఆరాక దానికంటే కొంచెం తెల్లటి పొర, అది ఆరాక ఇంకొంచెం, అట్లా నుదురు, చెంప, ముక్కుదూలం ఒక్కొక్కటే చీకట్లోంచి లేచి రావాలి. తొందరపడితే కింది పొర లేచిపోతుంది. మళ్ళీ మొదటినుంచి.

“సామీ, ఇంకెన్ని పూతలు?” అని విసుక్కునేవాణ్ణి.

“నీవు అడుగుట మానువరకు” అనేవాడు.

పటం మీద వేసినవాడి పేరు రాయకూడదని కూడా ఆయన పెట్టిన కట్టడే. పటం మీద రాసుకోనివ్వలేదు గనుక నేను సాక్ష్యంలో రాసుకుంటూ వచ్చాను, అది మీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

తాగుడు? మానలేదు. అయ్యగారు మానమని ఒక్కసారి కూడా చెప్పలేదు, నా చెయ్యి చూసి “చేయి నిలిచినప్పుడు రమ్ము” అనేవాడు, అంతే. నేను కొండవారకు పోయి, నిలబెట్టుకుని వచ్చేవాణ్ణి. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు.

రూతమ్మకు కల వచ్చి, కలలో పిలుపు విని తనంతట తానే ఉదయగిరి వచ్చిందని చెప్పాను గదా, కలా లేదు గిలా లేదు. రంగుపొడి కలపడానికి రోజూ గుడ్డు కావాలి. పచ్చసొనలో నీళ్ళు, చుక్క పులిసిన గంజి వేసి రంగులో కలిపితే చెక్కను వందేళ్ళు పట్టుకుంటుంది. రోజుకు పది గుడ్లయ్యేవి. సరే, రెండు. మా ఆడమనిషికి కోళ్ళున్నాయని నేనెప్పుడో అన్న మాట పట్టుకుని అయ్యగారు ఆ దగ్గుతోనే బస్సెక్కి సంగం పోయి, మా అత్తగారి గడపలో కూర్చున్నాడు. అక్కడ జరిగిన మాటలు రూతమ్మ నాకు తర్వాత చెప్పింది.

“ఆ మనిషి ఇంకా తాగతా ఉండాడా?”

“త్రాగుచున్నాడమ్మా.”

“మరి ఏ మొగం పెట్టుకోని పిలవను వచ్చినారయ్యా?”

“అబద్ధమాడి నిన్ను పిలుచుటకు నేను రాలేదు. పటమునకు గుడ్లు కావలెను. నీకు కోళ్ళున్నవని అతడు చెప్పెను.”

రూతమ్మకు నవ్వు వచ్చిందట. ఏడాదిలో అదే మొదటిసారి అంది. “లోపల గడియ ఉండే గది ఇస్తే వస్తా. గడియ నేను తీస్తేనే తీసినట్టు” అంది. అయ్యగారు తన వైద్యం గది ఖాళీ చేసి ఇచ్చాడు. ఆమె రెండు కోళ్ళను బుట్టలో పెట్టుకుని వచ్చి ఆ గదిలో ఉంది, నేను వీధి అవతల మస్తాన్ సాహెబు కొట్టంలో ఉన్నాను. మస్తాన్ సాహెబు కొండ కొయ్యతో గరిటెలు చెక్కేవాడు, నాలాంటి వాగుడుకాయకు దేవుడిచ్చిన స్నేహితుడు, ఆయన నోరు తెరిస్తే రెండే మాటలు.

ఆ ఏడే అయ్యగారికి చెయ్యి సన్నగిలింది. ప్రార్థన గదికి ప్రభువు ముఖం పెద్దది ఒకటి వేయాలని ఆయన ఆశ, ఆ పని నన్ను చేయమన్నాడు. ఆరడుగుల పటం! మీరు వారం వారం చూస్తూనే ఉన్నారు, మూరన్నర ఉంటుంది. చెక్క మస్తాన్ సాహెబు చేసి ఇచ్చాడు. “మా దేవుడికి బొమ్మ లేదు, మీ దేవుడికి ఉండాది. కొయ్య మాత్రం ఇద్దరిదీ ఒకే కొండది. పగలదు, పో” అన్నాడు, ఆయన ఆ సంవత్సరమంతా మాట్లాడినదానికంటే అది ఎక్కువ. చెక్కమీద గుడ్డ అంటించి, సుద్దపూత ఎనిమిదిసార్లు పూసి, రాయితో నున్నగా రుద్ది, ముక్కు కొలత పెట్టి గుండ్రాలు గీసి మొదలుపెట్టాను. రోజూ పొద్దున రూతమ్మ గుమ్మం బయటే నిలబడి, పచ్చసొనను ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లించి, తెల్లసొన పూర్తిగా పోయాక, పొర గిల్లి గిన్నెలో జార్చి, గిన్నె గడపమీద పెట్టి పోయేది. నాతో మాట లేదు. తెల్లసొన ఏమైందని అడగొద్దు, అట్టు వేసుకుని తిన్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, ఈస్టరు ముందు, ముఖమంతా పూర్తయింది. నుదురు వెలిగింది, చెంపలు వెలిగాయి. కళ్ళ చోట మాత్రం రెండు చీకటి గుంతలు. ఇక్కడ నా పాత ఆచారం లేచింది. చుక్క పడకుండా కళ్ళు తెరవకూడదు! ప్రభువుకైనా తెరవకూడదు! ఇంత పవిత్రమైన ముఖానికి మామూలు చుక్క చాలదని కూడా అనిపించింది, సైతాను ఎంత భక్తిగా మాట్లాడతాడో చూడండి. కొండవారకు పోయి కడుపునిండా పోసుకుని వచ్చాను. చెయ్యి రాయిలాగా నిలబడింది. ఒక్క గంటలో రెండు కళ్ళూ తెరిచాను. తూకం వేసినట్టు రెండూ ఒక్కటే. నా జీవితంలో అంత పనితనం ముందూ లేదు, వెనకా లేదు.

జనం వచ్చి చూసి నోళ్ళు తెరిచారు. “అబ్బ, ఏం కళ్ళురా యాకోబూ, ఏ మూల నిలబడినా మననే చూస్తా ఉండాయి” అన్నారు. అయ్యగారు చూసి దగ్గుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు రూతమ్మ గిన్నె తీసుకుపోవడానికి వచ్చింది. నేను గర్వంగా పక్కకు జరిగాను.

“ఏమ్మే, బయటే నిలబడినావే, లోపలికొచ్చి చూడు.”

“రాను.”

“ఏంది రావు? ఊరంతా వచ్చినాది.”

“ఊరికి తెలవదు. నాకు ఆ కళ్ళు తెలుసు. తలుపు తీసినప్పుడల్లా చూసినాను.”

అని గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి ప్రార్థనకు కూడా వసారాలోనే, ఆ కళ్ళకు కనబడకుండా గోడచాటున కూర్చునేది. ప్రభువు ముఖం చూసి భయపడి ఒక బిడ్డ గోడచాటున దాక్కుందంటే, ఆ ముఖం వేసినవాడు ఎవడు? సహోదరులారా, నేను ఆమె ఇంటికి మాత్రమే కాదు, ఆమె దేవుని ఇంటికి కూడా తాగి వచ్చాను.

ఆకాశంనుంచి అగ్ని దిగి ఆ కళ్ళు వాటంతట అవే రాలిపోయాయని చెప్పాను. అవి రాలలేదు. మూడు రోజులు ఆమెకు పిచ్చి అన్నాను, అసూయ అన్నాను, నా పనితనం పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ఒక్కణ్ణే పటం ముందు కూర్చున్నాను. ఎంతసేపు చూసినా ఆ కళ్ళు నామీదనుంచి పక్కకు పోలేదు. నేనే తల తిప్పుకున్నాను. ఆమె ఎన్ని సాయంత్రాలు వీటికి తలుపు తీసిందో అనుకున్నాను. చాకు తీసుకుని గీకేశాను, చీకటి అడుగు కనబడేదాకా.

అయ్యగారి దగ్గరకు పోయి, “మీకు ముందే తెలిసి ఎందుకు చెప్పలేదు సామీ?” అని ఏడ్చాను.

“నాకు తెలియలేదు, నాయనా. అవి మంచి కన్నులేయని నేనును తలంచితిని. ఆమెకు తెలిసెను.”

ఆ క్షణమే దాహం నన్ను విడిచిపోయిందని ప్రతిసారీ చెప్పి మీచేత హల్లెలూయ అనిపించుకున్నాను. మానడానికి ప్రయత్నించి ఓడిపోతున్న బిడ్డలు ఎవరైనా ఆ మాట విని, నాకు మాత్రం ఎందుకు విడవదు, నేనంటే దేవునికి ఇష్టం లేదేమో అనుకుని ఉంటే, ఆ పాపం నాది. దాహం విడవలేదు. మొదటి వారం ఒళ్ళు కాలిపోయింది, గోడమీద లేని చీమలు కనబడ్డాయి, మస్తాన్ సాహెబు నన్ను కొట్టంలో గుంజకు ఆనించి కావలించుకుని కూర్చున్నాడు, అయ్యగారు ఆయాసపడుతూ పక్కన మోకరించాడు. ఆయన ప్రార్థన చిన్నది: “ప్రభువా, ఈ చేయి నీది. వణకినను నీది.” నా ప్రార్థన ఇంకా చిన్నది: “ప్రభువా, ఈ పూట గడిపించు. రేపటిది రేపు అడుగుతాను.” పూటపూటకీ అడిగాను. మధ్యలో రెండుసార్లు కొండవారకు పోయాను కూడా. రెండుసార్లూ మస్తాన్ సాహెబు వెతికి తెచ్చి నెత్తిన నీళ్ళు పోశాడు. అలసిపోయాను. విడుదల అంటే సంకెళ్ళు ఠప్పుమని తెగడం అనుకుంటాము, నాది అట్లా తెగలేదు, అరిగి అరిగి ఊడింది.

ఏడాది తిరిగేవరకు ఆ పటం కళ్ళు లేకుండానే గోడకు ఉంది. తాగడం ఆగింది గాని చెయ్యి ఆగలేదు. కుంచె కంటిదాకా తెచ్చేవాణ్ణి, ముల్లు దిగినట్టు వణుకు, మళ్ళీ దించేవాణ్ణి. అయ్యగారు అప్పటికి మంచం పట్టాడు. ఆయన పోయేలోగా ఆ కళ్ళు తెరవాలి. తాగితే ఒక్క గంట పని. తాగకపోతే ఎప్పటికీ కాదు. ఆ రెండింటి మధ్య నలిగిపోయాను.

ఒక ఆదివారం పొద్దున, ప్రార్థనకు ఇంకా జనం రాలేదు, రూతమ్మ పచ్చసొన గిన్నె గడపమీద పెట్టింది. నేను ఆమెను చూడకుండానే అన్నాను.

“నిలబడటం లేదు మే. తాగకుండా నావల్ల కాదు.”

ఆమె పోలేదు. గడప దాటింది. ఆ గదిలో ఆమె అడుగు పెట్టి ఏడాది దాటింది. నా పక్కకు వచ్చి, పచ్చసొన అంటిన రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుంది.

“వెయ్యి” అంది.

సహోదరులారా, దేవదూత అదీ. మల్లెపూలు కాదు, కోడిగుడ్డు వాసన. రెక్కలు లేవు, నాట్లు వేసి కాయలు కాసిన అరచేతులు. కుడి కన్ను వచ్చింది, రెప్ప వచ్చింది, కనుపాప వచ్చింది, ఆఖరి తెల్లచుక్క వచ్చింది. చాలాసేపు పట్టింది. ఎడమ కంటికి వచ్చాను. పైరెప్ప గీత సగం లాగాను, అప్పుడు ఆమె కుడిచెయ్యి జారింది. గీత కిందికి వాలింది.

ఆ చేతికి బరువు ఆగదు. ఆగదని నాకు తెలుసు, ఎందుకంటే ఆత్మకూరులో ఒక సాయంత్రం ఆ మణికట్టు మెలితిప్పి విరిచింది నేనే. బద్దలు కట్టిన నాటువైద్యుడు సరిగ్గా కూర్చలేదు, ఎముక వంకరగానే అతుక్కుంది. ముందు రాయడానికి ధైర్యం చాలని సంగతి ఇది. అందుకే దేవదూతను తెచ్చుకున్నాను. పట్టుకున్నది నా భార్య అని చెప్తే, మరి కన్ను ఎందుకు వాలిందయ్యా అని మీరు అడుగుతారు. అప్పుడు నేను ఈ మాట చెప్పాలి.

ఆమె “అయ్యో, చెడిపోయినాది” అంది. నేను చాకు తీసుకోబోయాను. ఇంతలో అయ్యగారు గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చి నిలబడి చూశాడు.

“గీకవద్దు, నాయనా” అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ అన్నాడు. “ఈయన అలసియున్నాడు. మనలను మోసికొని చాల దూరము వచ్చెను గదా. ఉండనిమ్ము.”

రూతమ్మ చాలాసేపు ఆ కళ్ళలోకి చూసింది. తర్వాత గోడచాటుకు పోలేదు. పటానికి ఎదురుగా నేలమీద కూర్చుని, మోచేతికి అంటిన పచ్చసొన పైటకొంగుతో తుడుచుకుంటూ, “ఇప్పుడు చూడబుద్ధవతా ఉండాది” అంది. ఆ రోజు ప్రార్థనకు జనం వచ్చేసరికి ఆమె ముందు వరసలో ఉంది. అయ్యగారు ఆ ఏడు వానలకు ముందే ప్రభువు దగ్గరకు వెళ్ళాడు. గది గడియ తీయడానికి రూతమ్మకు ఇంకో రెండేళ్ళు పట్టింది. నేను అడగలేదు. అది కూడా ఒక పూత ఆరేదాకా ఆగడమే.

నేను దేవదూత సంగతి చెప్పిన నలభైసార్లూ ఆమె ఆడవాళ్ళ వరసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదు. కన్ను సరిచేయిస్తారని తెలిసిన రోజు మాత్రం, “నువ్వన్నా చెప్పు, లేదంటే ఆదివారం నేను లేచి చెప్తా. నేను చెప్తే రెక్కలుండవు, చూసుకో” అంది. ఇది రాసి ఆమెకు చదివి వినిపించాను. ఇప్పుడామెకు చూపు ఆనదు. అంతా విని, “పది గుడ్లని ఎందుకు రాసినావు, రెండని ముందే రాయొచ్చు గదా” అంది. చేతి సంగతి కొట్టేయనా అని అడిగాను. “అది ఉండనీ” అంది.

కమిటీ పెద్దలారా, మీకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను, నెల్లూరు పెయింటరుచేత గోడలకు సున్నం వేయించండి, కిటికీలకు రంగు వేయించండి, ఆ కన్ను జోలికి పోవద్దు. అందులో నా పాపం ఉంది, దాన్ని పట్టుకుని ఆపిన చెయ్యి ఉంది, ఆ రెండింటినీ చూసి కూడా మనవైపునుంచి తిప్పుకోని ఆయన చూపు ఉంది. ఇన్నాళ్ళు నన్ను భరించిన ప్రభువుకే సమస్త ఘనత, ఆయనకు స్తోత్రం, ఆ పటం మీద నా పేరు ఎక్కడా రాయవద్దు.

ఇంట్లో సీసా దాచుకున్న తమ్ముడా, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే చెల్లెలా, ఏ ఆదివారమైనా రండి, జనం రాకముందే రండి, తూర్పు గోడ ముందు కూర్చోండి. ఆయన మిమ్మల్ని భయపెట్టడానికి చూడటం లేదు. మీలాగే అలసిపోయి చూస్తున్నాడు. ఈ పూట గడిపించమని అడగండి చాలు, రేపటిది రేపు అడగవచ్చు.

వాన పడేముందు రూతమ్మకు ఇప్పటికీ ఆ మణికట్టు లాగుతుంది. నేను ఆముదం వెచ్చచేసి రుద్దుతాను. ఇప్పుడు నా చెయ్యి మళ్ళీ వణుకుతోంది, సారాకు కాదు, ముసలితనానికి. ఆమె చెయ్యీ వణుకుతోంది. ఆ వణుకులో ఎవరు ఎవరిని పట్టుకున్నారో ఇద్దరికీ తెలియదు.